అతుకు మంత్రం

నా చిన్నప్పుడు మా అమ్మ పట్నం దవాఖాన్ల ఉన్నదని, మంచిగైనంక ఇంటికొస్తదని మావోళ్లు నాకు చెప్పిన్రు. నిజానికి అప్పటికే అమ్మ చనిపోయింది, ఆమె దినాలు గూడ అయిపోయినయి. నాకప్పుడు ఏడేండ్లో ఎనిమిదేండ్లో. మా గల్లీల పెద్దా చిన్నా అందరు కూడబలుక్కొని నాతోని అదే అబద్ధం చెప్పిన్రు, ఒక్క మా పక్కింటి అక్క తప్ప. ఆమె గూడ ఉన్నదున్నట్టు మొదలే చెప్పలే, ఒక మాంత్రికుని శిష్యుని కథల నుంచి నన్ను నడిపించుకుంట తీస్కపోయి చెప్పింది. ఆ సంగతి ఇన్నేండ్లకు మళ్లెందుకు యాదికొచ్చిందో చివర్ల చెప్త. జర ఓపిక పట్టాలె. నాది ముసలి నోరు, ఒకటి చెప్పబోతే ఇంకొకటి అడ్డమొస్తది.

మాది లింగంపల్లి. ఇప్పుడు లింగంపల్లి అంటే రైల్ల నుంచి దిగి ఆఫీసులకు ఉరికే పిల్లలు, ఆటోలు, ఎటు చూసినా కిరాయి ఇండ్లు. నా చిన్నతనంల టేషన్ ఉన్నది గని దాని సుట్టు జొన్నచేన్లు, ఆ చేన్ల ఎనుక గుండ్లు. ఇంటంత పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూసున్నట్టు ఉండేటియి. మా ఆటలన్నీ ఆ గుండ్ల మీదనే. అమ్మకు జరం వచ్చి ఎన్ని మందులు మింగినా తగ్గకపోతే నాయిన ఆమెను రైలెక్కించి పట్నం తీస్కపోయిండు. ఎక్కేముందు అమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, నాయినమ్మను సతాయించకు అన్నది. నేను ఆమె దిక్కు చూడలే, ఇంజను దిక్కు చూస్తున్న. రైలింజను చూసుడంటే అప్పుడు అంత పిచ్చి ఉండె నాకు.

ఆ ఎనుక కొన్నొద్దులకు నన్ను మా మేనత్త ఊరికి పంపిన్రు. ఎందుకు పంపిన్రో ఎవరూ చెప్పలే. అక్కడ నాకు రోజూ గుడ్డు ఉడకబెట్టి పెట్టిన్రు. అడగకముందే జామపండ్లు కోసిచ్చిన్రు. మా అత్త నన్ను చూసి కొంగు నోట్ల కుక్కుకొని లోపలికి పోయేది. మళ్ల ఇంటికి తీస్కొచ్చేసరికి మా ఇల్లు కొత్తగ సున్నమేసి తెల్లగ ఉన్నది. పండుగ లేదు, పబ్బం లేదు, సున్నమెందుకేసిన్రో నాకు తెల్వలే. అమ్మ పండుకునే నులక మంచం ఇంటెనుక గోడకు నిలబెట్టి ఉన్నది. దాని మీది బొంత లేదు. అమ్మ తినే కంచం లేదు.

మా నాయిన గుండుతోని ఉన్నడు. మీసాలు గూడ లేవు. నేను అడగకముందే నాయినమ్మ అందుకొని, మీ అమ్మ మంచిగ గావాలని మీ నాయిన గుట్టకు పోయి దేవునికి ఎంట్రుకలిచ్చిండు బిడ్డా అన్నది. మాలో భార్య చనిపోతే మొగడు గుండు చేయించుకుంటడు. మొక్కు తీర్సుకున్నా గుండే చేయించుకుంటడు. రెండు గుండ్లూ ఒక్క తీరుగనే ఉంటయి గద. మా నాయినమ్మకు ఆ సందు దొరికింది. ఆమెను నేనిప్పుడు తప్పు పట్ట, కొడుకు సంసారం కూలి నడింట్ల పడ్డంక ఆమె మాత్రం ఏం చేస్తది పాపం.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటరు. మావోళ్లకు ఆ ఇకమతు, ఆ ఉపాయం గూడ లేకపాయె. నాయినమ్మ దవాఖాన అంటే, బాయి కాడ ఒకామె మీ అమ్మ అమ్మగారింటికి పోయింది గద అన్నది. ఇంకొకామె నన్ను చూసి అయ్యో తల్లీ అని మొదలు పెట్టి, పక్కామె మోచేత్తోని పొడిస్తే దగ్గుకుంట బిందె ఎత్తుకున్నది. నాయిన పట్నం పోయొచ్చినప్పుడల్లా పిప్పరమెంట్లు తెచ్చి, అమ్మ పంపింది అనేటోడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నా మొఖం చూసేటోడు కాదు, చేతిల పెట్టి మొఖం కడుక్కోవడానికి పోయేటోడు. నేను ఊ అని తీస్కునేదాన్ని. అమ్మ ఎప్పుడొస్తది అని ఒక్కసారి గూడ అడగలే.

నీకు తెల్వదా మరి అని మీరడగొచ్చు. తెలుసంటే తెలుసు, తెల్వదంటే తెల్వదు. అడిగితే నాయిన మొఖం ఎట్లనో అయితదని మాత్రం బాగ తెలుసు. అందుకే అడగలే. కాలు మడిచి శానసేపు కూసుంటే తిమ్మిరెక్కుతది చూడుండ్రి, గిల్లినా సోయి ఉండదు, నాకు లోపలంత అట్లయింది. అన్నం పెడితే తినేదాన్ని, ఉప్పున్నదో లేదో తెల్వకపోయేది. బడిల పంతులు అరచేతి మీద కొడితే తోటి పిల్లలు ఏడ్చేటోళ్లు, నేను చెయ్యి గుంజుకోకుంట అట్లనే పట్టేదాన్ని, ఆయనే పరేషానై బెత్తం కింద పెట్టిండు. పిప్పరమెంట్లు నోట్ల వేసుకుంటే చల్లగ గూడ అనిపించకపోయేది. గల్లీల ఆడోళ్లు మాత్రం నన్ను మస్తు మెచ్చుకున్నరు. ఎంత మంచి పిల్లనో సూడుండ్రి, అమ్మ కావాలని మారాం చెయ్యనే చెయ్యదు అనేటోళ్లు. ఆ మెప్పు గూడ నాకు ముట్టలే.

మా పక్కింటి అక్క ఆ మెచ్చుకునేటోళ్ల మధ్యల లేదు. ఆమె పదో తరగతి, రైల్ల పోయి పెద్దబడిల చదివేది. మా వాడల అంత చదువు చదివిన ఆడపిల్ల అప్పటికి ఆమె ఒక్కతే. అందుకే ఆమెకు జర పొగరని పేరు. ఒక పొద్దుమూకి ఆమె మా ఇంటికొచ్చి, పిల్లను జరసేపు గుండ్ల కాడికి తీస్కపోత అని నాయినమ్మను అడిగింది. చంకల ఒక పుస్తకం ఉన్నది. బడి బీరువాల నుంచి తెచ్చిందట, మీది అట్ట సగం చినిగింది, ఉన్న సగం మీద పొడుగు గడ్డం ముసలాయన బొమ్మ, ఆయన ఎనుక బుడ్డ పిల్లగాడు. పిల్లల కోసం రాసిన మాయల నవల. ఆ దినం నుంచి రోజూ ఆమె రైలు దిగి రాంగనే చీకటి పడేదాక నాకు చదివి వినిపించేది. మాకిద్దరికి ఒక గుండు ఉండె, పైన సాపుగ, కూసుంటే దూరం టేషనూ, ఈ పక్క చెర్వూ కనబడేటియి.

ఆ కథ నాకిప్పటికీ అక్షరమక్షరం యాదున్నది. ఒక ముసలి మాంత్రికుడు గుట్ట మీద ఉంటడు. ఆయన కాడికి అమ్మానాయిన లేని ఒక పోరడు శిష్యునిగ చేరుతడు. మంత్రాలు నేర్పుమంటే ముసలాయన పోరనితోని పొయ్యి ఊదిపిస్తడు, బియ్యం కడిగిపిస్తడు. పోరడు గునిస్తే, ముందు తిను, తర్వాత మంత్రం అంటడు. ఆ మాట పుస్తకంల పేజీకొక్కసారన్నా వచ్చేది, వచ్చినప్పుడల్లా అక్క ముసలోని గొంతు పెట్టి చదివేది. పోరడు ఆగలేక దొంగతనంగ మంత్రాలేసి ఆగమాగం చేసేటోడు. ఒకసారి నీడ కోసం ఒక చింతచెట్టును జర పక్కకు జరుగుమన్నడు. అది జరుగుడు మొదలు పెట్టి ఆగక, పోయి పోయి ఊరి బడిల కూసున్నది. పిల్లలకు వారం సెలవు. అక్క ఇది చదువుకుంట పడి పడి నవ్వింది, నవ్వుకుంట నా దిక్కు చూసింది. నేను నవ్వలే. ఆమె మళ్ల చదువుడు మొదలు పెట్టింది.

పోరనికి చివరికి బాగ పట్టుబడింది ఒక్కటే మంత్రం. అతుకు మంత్రం. ఇరిగినదాని మీద రెండు చేతులు పెట్టి, కండ్లు మూసుకొని, ఊపిరి బిగబట్టి అనాలె. అతుకు అతుకు ఆకుపచ్చ, పగులు పగులు పారిపో. పగిలిన కుండ అతుకుతది. ఇరిగిన మేకకాలు అతుకుతది. కొట్లాడుకున్న అన్నదమ్ములు గూడ అతుకుతరు. ఊరూరి నుంచి జనం ఇరిగినయన్నీ మోసుకొని గుట్టెక్కుతరు. పోరనికి గర్వం ఎక్కుతది, నేను అతకనిది లేదు అంటడు. ముసలాయన తన గంజి తాను తాగుతడు.

ఇగ ఒక వానల ఊరి చెర్వుకట్ట తెగుతది. ముసలాయన పోయి తన బలమంత పెట్టి నీళ్లను ఆపుతడు, ఊరు బతుకుతది, ఆయన అక్కడ్నే కట్ట మీద పడిపోతడు. పోరడు ఉరికొచ్చి చూసేసరికి ఒళ్లంత సల్లగ ఉన్నది. అక్కడికి ఆ దినం చదువు ఆగింది. చీకటి పడ్డది, మిగిలింది రేపు అని అక్క పుస్తకం మూసింది. ఒక్క అధ్యాయమే మిగిలి ఉన్నది.

ఇంటికొచ్చినంక నేను సీదా ఇంటెనుకకు పోయిన. అమ్మ మంచం గోడకు నిలబెట్టి ఉన్నది గద, దాని నులక మీద రెండు చేతులు పెట్టిన. పట్నం ఏ దిక్కో నాకు తెలుసు, రైలు పోయే దిక్కు. అటు తిరిగి, కండ్లు మూసుకొని, ఊపిరి బిగబట్టి అన్న. అతుకు అతుకు ఆకుపచ్చ, పగులు పగులు పారిపో. కండ్లు తెరిచి చూసి మళ్ల అన్న. ఊపిరి సరిగ బిగబట్టలేదేమో అని మళ్ల అన్న. ఎన్నిసార్లన్ననో. తిరిగి చూస్తే గోడ అవతల అక్క నిలబడి ఉన్నది, చేతుల తడి బట్టలు. ఆరేయనీకి వచ్చినట్టున్నది. బట్టల నుంచి నీళ్లు ఆమె కాళ్ల మీద కారుతున్నయి, ఆమె దులుపుకోలే. నేను ఇంట్లకు ఉరికిన.

మర్నాడు అక్క రైలు దిగి ఇంటికి పోకుంటనే నన్ను తీస్కపోయింది. గుండు మీద కూసొని పుస్తకం తెరిచింది. ఆ దినం ఆమె మెల్లగ చదివింది, నడుమ నడుమ ఆగింది. పుస్తకం దిక్కు తక్కువ, నా దిక్కు ఎక్కువ చూసింది.

పోరడు గురువు మీద రెండు చేతులు పెట్టి మంత్రమన్నడు. తెగిన చెర్వుకట్ట అతికింది. ఇరిగిన ముసలాయన కర్ర అతికింది. చినిగిన ఆయన అంగీ గూడ అతికింది. ముసలాయన లేవలే. పోరడు మళ్ల అన్నడు, గొంతు పోయేదాక అన్నడు. అప్పుడు బడిల కూసున్న ఆ చింతచెట్టు నడుచుకుంట వచ్చి పోరని మీద నీడ పట్టింది. బిడ్డా, అతికేటియి వేరు, అతకనియి వేరు, ఈన ఇగ రాడు అన్నది. నీ మంత్రంల తప్పు లేదు, నీ తప్పు గూడ లేదు అన్నది. పోరడు శానసేపు ఆ నీడల కూసున్నడు. తర్వాత గుట్టెక్కి ఇంటికి పోయి పొయ్యి ముట్టించిండు. పొగొచ్చింది, దగ్గిండు. అన్నం వండుకున్నడు. ముందు తినుమన్నడు గద గురువు. తిన్నడు.

అక్క పుస్తకం మూసి ఒళ్లె పెట్టుకున్నది. దాని మీద చెయ్యి గట్టిగ అదిమి పెట్టింది. నేను అడిగిన. "మా అమ్మ గూడనా అక్కా?"

"అవును పిల్లా. మీ అమ్మ గూడ. చనిపోయింది. ఇగ రాదు."

దేవుని కాడికి పోయింది అనలే. చుక్కయింది అనలే. నిద్రపోయింది అనలే. ఆ ఒక్క మాటే అన్నది, అని నా చెయ్యి పట్టుకొని కూసున్నది. నాకు ఏడుపు రాలే. ఏడ పెట్టిన్రు అని అడిగిన. అక్క గుండు మీద లేచి నిలబడి, చెర్వు అవతల తుమ్మచెట్లు చూపెట్టింది. రోజూ ఆ గుండు మీద కూసొని నేను చూసే దిక్కే అది. ఇంత దగ్గర్నే ఉన్నదా అనుకున్న. ఇద్దరం అటే చూసుకుంట ఉన్నం, పట్నం రైలు పోయింది, అప్పుడు నాకు ఒక్కసారి కడుపుల కాలింది. అక్కా ఆకలైతుంది అన్న.

అక్క వాళ్లింటి నుంచి జొన్నరొట్టె, చింతకాయ తొక్కు తెచ్చింది. వాళ్లమ్మ తొక్కుల కారం దండిగ ఏస్తది. మొదటి ముద్దకే నాలుక మండింది. ముక్కు కారింది, కండ్లు కారినయి. కారానికో ఏడుపుకో నాకు తెల్వదు, అక్క గూడ అడగలే, నీళ్ల చెంబు పక్కన పెట్టింది. నేను రొట్టె మొత్తం తిన్న.

ఇంటికి పోయి నాయినతోని, అమ్మను తుమ్మచెట్ల కాడ పెట్టిన్రట గద అన్న. ఇగ చూసుకో. మా నాయినమ్మ నెత్తి నోరు కొట్టుకుంట బయటికి ఉరికింది. "ఓ పోరీ, నీ నోట్ల మన్ను వడ! పసిపిల్లకు చెప్తరా గిట్ల? నీ సదువు మన్నుల గలువ!" అని గోడ మీద నుంచి తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టింది. గల్లీ అంత వచ్చి అక్కనే తప్పు పట్టింది. వాళ్లమ్మ గూడ అందరి ముందర ఆమె ఈపుల రెండు గుద్దింది. అక్క తల వంచుకొని నిలబడ్డది, చెప్పలేదని అనలే, తప్పయిందని గూడ అనలే. ఆ తర్వాత శాన్నాళ్లు ఆమెను మా గడప తొక్కనియ్యలే.

లోపల మా నాయిన కింద కూసొని ఏడ్చిండు. నా ముందర ఆయన ఏడ్చుడు అదే మొదలు. నేను పోయి ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టిన. కొత్తగ మొలిచే ఎంట్రుకలు అరచేతికి గుచ్చుకున్నయి. ఆయన నన్ను దగ్గరికి తీస్కొని, అమ్మ చివరికి నా పేరే పిలిచిందని చెప్పిండు. అబద్ధం మొయ్యబట్టి అంత పెద్ద మాట ఆయన అన్నొద్దులు కడుపుల పెట్టుకున్నడు. ఆ తర్వాత పట్నం నుంచి పిప్పరమెంట్లు తెస్తే, నేను తెచ్చిన బిడ్డా అని ఇచ్చేటోడు. నోట్ల వేసుకుంటే చల్లగ ఉండేటియి.

అక్క పెండ్లి చేసుకొని పోయినంక, నేను గూడ పెద్దబడికి పోయిన. అక్కడి బీరువాల ఆ పుస్తకం మళ్ల కనబడ్డది, అదే సగం అట్ట. నిలబడ్డకాడ్నే చివరి అధ్యాయం తీసి చదివిన. అండ్ల ముసలాయన లేస్తడు. పోరడు మూడోసారి మంత్రమనంగనే కండ్లు తెరిచి, గడ్డం దులుపుకొని, అన్నం వండినవా లేదా అని అడుగుతడు. ఊరంత నవ్వుతది, బంతి భోజనాలు పెడతరు. చింతచెట్టు మాట్లాడేది పుస్తకంల ఎక్కడా లేదు. నేను ముందటికి ఎనుకకు తిప్పి తిప్పి వెతికిన.

అక్క పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు అడిగిన. బాలింత మంచం మీద బిడ్డను ఒళ్లె వేసుకొని కూసున్నది. "పుస్తకంల ముసలాయన లేస్తడు గద అక్కా?" అన్న.

"లేస్తడు," అన్నది. "ఆ మంచం కాడ నిన్ను చూసినంక ఆ పేజీ చదవనీకి నాకు నోరు రాలే పిల్లా. చదివితే నువ్వు ఎన్నేండ్లు ఆ నులక పట్టుకొని నిలబడేదానివో. అచ్చుల ఉన్నదంత నిజమా ఏంది?"

మరి తిట్లు తిన్నవు గద అంటే నవ్వింది. తిట్లు కడిగితే పోతయి, ఫికర్ చెయ్యకు అన్నది. అప్పటి నుంచి నాకొక అలవాటయింది. ఎవరింట్ల చావైనా నేను ముందుగాల శవం కాడికి పోను. ఆ ఇంట్ల చిన్నపిల్లలు ఏ మూలకున్నరో వెతుక్కొని, వాళ్ల పక్కన పోయి కూసుంట. అడిగితే చెప్త. అడగకపోతే ఏమన్న తినబెడుత.

ఇగ ఇది ఇప్పుడెందుకు చెప్తున్ననంటే, పోయిన వానకాలం నా కొడుకు చనిపోయిండు. హైటెక్ సిటీల ఆఫీసు, పొద్దున నవ్వుకుంట పోయిండు, అక్కడ్నే గుండె ఆగింది. మేముండేది మియాపూర్ల, మెట్రో టేషన్ దగ్గరి అపార్ట్‌మెంట్. నా కోడలు గోదావరి దిక్కు పిల్ల. మనవరాలు మూడో తరగతి. ఆ దినాలన్నీ పిల్లను వాళ్ల పిన్ని ఇంట్ల ఉంచిన్రు, తీస్కొచ్చినంక నాన్న ఆఫీసు పని మీద విదేశానికి, ఆన్‌సైట్ పోయిండని చెప్పిన్రు. మా దిక్కు ఏ పిల్లకు చెప్పినా ఆ మాట నమ్ముతది, మా అపార్ట్‌మెంట్ల అంతస్తుకొకరు ఆన్‌సైట్ పోయినోళ్లే. గేటు కాడ సెక్యూరిటీ అన్నకు గూడ చెప్పి పెట్టినం. కోడలు ఆన్‌లైన్ల బొమ్మలు తెప్పించి నాన్న పంపిండు అనేది. నా కొడుకుది ఎప్పటిదో వాయిస్ మెసేజ్ తీసి, ఇప్పుడే వచ్చినట్టు ఫోన్ల వినిపించేది. దీపావళికి అన్ని ఫ్లాట్ల ముందర దీపాలు, మా గడప ముందర ఒక్కటి లేదు. నాన్న వచ్చాక చేసుకుందాం అన్నది కోడలు. పిల్ల ఊ అన్నది.

ఆ ఊ విన్నంక గూడ నేను కదలలే. ఊరందరి పిల్లల పక్కన కూసున్నదాన్ని, నా ఇంటికాడికి వచ్చేసరికి నాకే నోరు రాలే. నా కొడుకు కోసం నేను ఒక్క కన్నీటి చుక్క రాల్చలే. తినేదాన్ని, టీవీ చూసేదాన్ని, మెట్రో వచ్చి పోయేది చూసేదాన్ని. అత్తయ్య గుండె ధైర్యం చాలా గొప్పదండి అని కోడలు చుట్టాలతోని చెప్పింది. ధైర్యం కాదు పాడు కాదు, తిమ్మిరి.

మొన్న పొద్దుమూకి పిల్ల బాల్కనీల నా పక్కన కూసున్నది. చేతిల లావు ఇంగ్లీషు పుస్తకం, బడి లైబ్రరీది. ఒక మంత్రగాని కాడ పని నేర్చుకునే అమ్మాయి కథ. రోజు కొంచెం చదివి నాకు తెలుగుల చెప్పేది. ఆ దినం, వాళ్ల గురువు చచ్చిపోయిండు నానమ్మా, కానీ ఇంకో బుక్కుల మళ్లీ వస్తడంట, మా ఫ్రెండ్ చెప్పింది అన్నది. అని, నా దిక్కు చూడకుంట మెట్రో దిక్కు చూసుకుంట అడిగింది. నిజంగనే అట్ల వస్తరా అని.

జర ఆగు బిడ్డా, మీ అమ్మను పిలుచుకొస్త అని లేచిన.

వంటింట్ల కోడలికి మా అమ్మ మంచం సంగతి, అక్క సంగతి చెప్పిన. ఆమె గరిటె పట్టుకొని ఏడ్చింది. "వద్దండీ అత్తయ్యా. అది చిన్నపిల్ల, తట్టుకోలేదు" అన్నది.

"తట్టుకుంటనే ఉన్నదమ్మా," అన్న. "ఒక్కతే తట్టుకుంటున్నది."

కోడలు పొయ్యి బంద్ చేసింది. ఇద్దరం పోయి పిల్లకు ఈ పక్క ఒకరం ఆ పక్క ఒకరం కూసున్నం. కోడలు మొదలు పెట్టి చెప్పలేకపోయింది. నేనే అన్న. మీ నాన్న చనిపోయిండు బిడ్డా, ఇగ రాడు. నా కొడుకు గురించి ఆ మాట నా నోటి నుంచి వచ్చుడు అదే మొదలు.

పిల్ల పుస్తకం మూసింది. "నాకు తెలుసు నానమ్మా," అన్నది. "అమ్మ ఏడుస్తదని అడగలే."

కోడలు దాన్ని ఒళ్లెకు గుంజుకున్నది. శానసేపైనంక ఆ కొంగుల నుంచే పిల్ల మాట వినొచ్చింది. "అమ్మా, నాన్న పాత మెసేజ్ ఒకసారి పెట్టవా?"

కోడలు పెట్టింది. బంగారం, తిన్నవా, నానమ్మను సతాయించకు అన్నడు నా కొడుకు. ముగ్గురం విన్నం. మళ్ల పెట్టుమంటే మళ్ల పెట్టింది.

నేను లేచి మూడు కంచాలల్ల అన్నం పెట్టుకొచ్చిన. సీసాల చింతకాయ తొక్కు ఉన్నది, అది గూడ వేసిన. అరవై ఏండ్లాయె, అక్క ఇచ్చిన ఆ ఒక్క మాట, ఆ రొట్టె నా కాడ్నే ఉన్నయి. ఆ దినం మా బాల్కనీల నా మనవరాలి చేతుల పెట్టిన. పిల్ల ఒక ముద్ద తిని, మస్తు కారమున్నది నానమ్మా అన్నది. అవును బిడ్డా అన్న. నా నాలుకకు గూడ తెలుస్తున్నది, కండ్ల నుంచి నీళ్లు కారుతున్నయి, నేను తుడుసుకోలే.